ప్రాణహిత ఒడ్డున క్యూజీఐఎస్: ఎనిమిదేళ్లు ఫాల్టులు గీశాక

మాది సిరొంచ. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. ఊరి పక్కనే ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డు కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, తాలూకా ఆఫీసులో మరాఠీ, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. నేను చదివింది జియాలజీ, చేసే పని బోరు పాయింట్లు చూడటం. 2017లో క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాను. అప్పుడు 2.18 వెర్షన్, ఇప్పుడు 3.34 వాడుతున్నాను. ఇన్నేళ్లలో దీంతో ముఖ్యంగా చేసింది ఒకే పని. ప్రాణహిత-గోదావరి లోయలో ఇప్పటిదాకా ఎవరెవరో గుర్తించిన ఫాల్టులను, అంటే భ్రంశాలను, ఒకే మ్యాపు మీదికి తేవడం. ఆ పనికి ఈ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ నన్ను తప్పుదారి పట్టించబోయిందో రాస్తున్నాను.

బోరు వేయించే రైతుకు ఫాల్టు చాలా పెద్ద విషయం. ఒక చేనులో నీళ్లు బాగా పడతాయి, గట్టు దాటి పక్క చేనులో ఎంత లోతు వేసినా దుమ్మే వస్తుంది. కారణం చాలాసార్లు కింద ఉన్న ఫాల్టే. దానికి ఇటు ఇసుకరాయి, అటు నీళ్లు పట్టని గట్టి రాయి. మా లోయ పుట్టిందే అలా. ఒక పక్క ధార్వాడ్, ఇంకో పక్క బస్తర్, ఈ రెండు పాత రాతి దిమ్మెల మధ్య నేల పగిలి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడుగ్గా కుంగిపోయింది. ఆ తొట్టిలో దాదాపు 29 కోట్ల ఏళ్ల కిందటి నుంచి పొరలు పేరుకుంటూ వచ్చాయి. సింగరేణి బొగ్గు, చంద్రపూర్ వైపు వార్ధా లోయ బొగ్గు ఆ పొరల్లోవే. మా తాలూకాలోని కోట ఊరి పేరు మీద ఉన్న కోట ఫార్మేషన్ కూడా ఆ తొట్టిలోదే. కోటాసారస్ అనే డైనోసార్‌కు ఆ పేరు వచ్చింది ఇక్కడి నుంచే.

ఇంత పేరున్న లోయకు పూర్తి ఫాల్టు మ్యాపు ఒక్కచోట దొరకడం కష్టం. సర్వే ఆఫ్ ఇండియా షీట్ల లెక్కలో సిరొంచ 56 ఎన్‌లో పడుతుంది. ఊరికి కాస్త తూర్పున 80 డిగ్రీల రేఖాంశం పోతుంది, అది దాటితే 65 బి. జియాలజీ మ్యాపులు కూడా ఈ షీట్ల ప్రకారమే ఉంటాయి. ఒక షీటులో వచ్చిన ఫాల్టు పక్క షీటు అంచుకు రాగానే ఆగిపోతుంది, లేదా కాస్త పక్కకు జరిగి మొదలవుతుంది. రెండు షీట్లు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషులు నడిచి గీసినవి కాబట్టి అలా జరుగుతుంది. జిల్లాలవారీ మ్యాపులైతే మరీ కష్టం, అవి జిల్లా హద్దుతో ముగుస్తాయి. మ్యాపు ప్రకారం ఫాల్టు ప్రాణహిత దాకా వచ్చి ఆగింది, భూమిలో మాత్రం అది నది కిందుగా మంచిర్యాల, భూపాలపల్లి వైపు సాగుతూనే ఉంటుంది. హద్దు మీద బతికే మాకు ఈ తెగిన గీతలు చూస్తే బాధగానే ఉంటుంది.

వీటిని అతికించడానికి క్యూజీఐఎస్‌లోని జియోరిఫరెన్సర్, అంటే స్కాన్ చేసిన మ్యాపును నేల మీది అసలు స్థానంలో కూర్చోబెట్టే పనిముట్టు, నాకు బాగా అక్కరకొచ్చింది. స్కాన్ చేసిన షీటు మీద నాలుగు మూలలు, మధ్యలో మరికొన్ని పాయింట్లు పెట్టి, ప్రతి పాయింటు దగ్గరా ఎంత తేడా వస్తుందో చూసుకుంటూ పోవాలి. మొదట్లో నేను చేసిన తప్పు చెప్తాను. పాత షీట్లు ఎవరెస్ట్ అనే పాత భూమి కొలతల పద్ధతి మీద తయారైనవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే ఇంకో పద్ధతి. రెండూ ఒకటే అనుకుని వేసేశాను. షీటు మొత్తం ఒక పక్కకు జరిగింది, పాత బావి దగ్గర నిలబడి ఫోనులో చూస్తే మ్యాపులో బావి వేరే చేనులో ఉంది. అప్పటి నుంచి షీటుకు దాని అసలు కొలత పద్ధతే ఇచ్చి, ఆ తర్వాత మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర మండలానికి మారుస్తున్నాను. ఈ మార్పు సాఫ్ట్‌వేర్ తనే చేస్తుంది, సరైన పద్ధతి ఎంచుకోవడం మాత్రం మన బాధ్యత.

జీఎస్ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) వారి భూకోశ్ వెబ్‌సైటు నుంచి దించుకున్న లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే మ్యాపు పొరలు, వేశాను. 2000లో జీఎస్ఐ ప్రచురించిన భూకంప అట్లాసు 10 లక్షలకు ఒకటి స్కేలులో 43 మ్యాపులు, అందులో మా లోయ భాగాన్ని గీసుకున్నాను. వాటి కింద ఎత్తుపల్లాల కోసం ఎస్ఆర్‌టీఎం వేశాను. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన డేటా అది, ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు.

హిల్‌షేడ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, నేను ఏడాదిపాటు మోసపోయింది ఇక్కడే. ఎత్తుపల్లాల డేటా మీద ఒక పక్క నుంచి వెలుగు వేసి నీడలు చూపించడమే హిల్‌షేడ్. ఏ దిక్కు నుంచి వెలుగు రావాలో మనం చెప్పకపోతే, క్యూజీఐఎస్ 315 డిగ్రీల నుంచి, అంటే వాయవ్యం నుంచి వేస్తుంది. మా ఫాల్టులు ఎక్కువగా పోయేది వాయవ్యం నుంచి ఆగ్నేయానికే. పొలం గట్టు పొడవునా ఎండ పడితే గట్టుకు నీడ ఉండదు, అడ్డంగా పడితే గట్టంతా తేలి కనిపిస్తుంది. ఇక్కడా అంతే. లోయలో ముఖ్యమైన గీతలే నాకు కనపడలేదు, వాటికి అడ్డంగా పోయే చిన్న చిన్న వాగులు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించాయి. 315 తీసేసి 45 పెట్టిన రోజు లోయ అంచు గుట్టలన్నీ వరుస కట్టి లేచినట్టు అనిపించింది. ఆ రాత్రి పడుకోలేకపోయాను. ఈ లోయలో పని చేసేవాళ్లు ముందుగా ఆ అంకె మార్చండి. అన్ని దిక్కుల నుంచీ ఒకేసారి వెలుగు వేసే ఆప్షన్ కూడా ఉంది, కానీ నేను 45, 90, 0 వేరువేరుగా వేసి పోల్చి చూస్తాను.

అలా తేలిన ప్రతి గీతా ఫాల్టు కాదు. తిన్నగా కనిపించేదాన్ని లీనియమెంట్ అంటారు, అది ఫాల్టు అని తేల్చాల్సింది నేల మీదే. ఒకసారి ఎస్ఆర్‌టీఎంలో ఎంతో తిన్నగా, మెట్టులా కనిపించిన గీతను సంతోషంగా గీసేసి, బైకు మీద వెళ్లి చూశాను. అది టేకు అడవి అంచు. రాడార్ నేలను మాత్రమే కొలవదు, దట్టమైన చెట్ల ఎత్తు కూడా అందులో కలిసిపోతుంది. అడవి కొట్టేసిన చోటు పక్కన అడవి నిలిచి ఉంటే అది మెట్టులా కనిపిస్తుంది. ఆ గీతను నేను చెరపలేదు. "ఫాల్టు కాదు, అడవి అంచు" అని రాసి పెట్టుకున్నాను, మళ్లీ ఎవరైనా అదే గీత గీయకుండా.

భూకంపాల లేయరు వేయడం సులువు. అక్షాంశం, రేఖాంశం, తేదీ, తీవ్రత ఉన్న పట్టికను నేరుగా తెరిస్తే చుక్కలు పడతాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 భూకంపం, 2024 డిసెంబర్ 4 ఉదయం 7:27కు ములుగు జిల్లాలో వచ్చిన 5.3, రెండూ ఈ లోయలోవే. చుక్కకూ దగ్గరలోని గీతకూ సంబంధం కలిపేయాలని మనసు లాగుతుంది. తొందరపడకండి. పాత భూకంపాల స్థానాలు ఒక్కో జాబితాలో ఒక్కోలా ఉంటాయి. లోతు 10 కిలోమీటర్లు, 33 కిలోమీటర్లు అని పదే పదే కనిపిస్తే, చాలాసార్లు అది కొలిచిన లోతు కాదు, తేల్చలేనప్పుడు పెట్టే అంకె.

ములుగు భూకంపం రోజు మా వంటింట్లో గిన్నెలు కదిలాయి. మధ్యాహ్నానికల్లా అంకీసా వైపు నుంచి తెలిసిన పెద్దాయన ఒకరు ఇంటికొచ్చారు. నేను మ్యాపులు గీస్తానని ఆయనకు తెలుసు. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. ఆయన ఊరు వెతికి, దగ్గరికి జూమ్ చేసి, ఉపగ్రహ చిత్రంలో ఆయన ఇంటి రేకులు కనిపించేదాకా వెళ్లాను. ఎర్రటి సన్నని గీత ఆ రేకుల మీదుగా పోతోంది.

"సార్, గీ గీత మా ఇంటి మీదికెల్లే పోతుంది గదా?"

"లేదు కాకా, ఇది ఇక్కడే అని ఎవరూ చెప్పలేరు. అటు అర కిలోమీటరు, ఇటు అర కిలోమీటరు తేడా ఉండొచ్చు. ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు."

"మరి గంత సన్నగ ఎందుకు గీసిన్రు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ గీత వచ్చింది 10 లక్షల స్కేలు అట్లాసు నుంచి. ఆ కాగితం మీద 1 మిల్లీమీటరంటే నేల మీద 1 కిలోమీటరు. సన్నటి కలంతో గీసిన గీత మందమే ఊరంత వెడల్పు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఎంత దగ్గరికి పోయినా ఆ గీతను అంతే సన్నగా, అంతే నిక్కచ్చిగా చూపిస్తుంది. కాగితం మ్యాపును కళ్లకు ఎంత దగ్గరగా పెట్టుకున్నా ఇల్లు కనపడదు, కాబట్టి కాగితంతో ఈ చిక్కు రాదు. ఆ పెద్దాయన టెన్షన్ తీర్చడానికి నాకు గంట పట్టింది.

ఆ వారమే మ్యాపంతా మళ్లీ కట్టాను. ప్రతి గీతకు నాలుగు గడులు పెట్టాను: ఎక్కడి నుంచి తీసుకున్నాను, ఏ స్కేలు, ఎన్ని మీటర్ల అనుమానం, నేల మీద చూశారా లేదా. గీత మందాన్ని మిల్లీమీటర్ల నుంచి నేల మీది మీటర్లకు మార్చాను, ఆ మీటర్లు మూడో గడి నుంచే తీసుకునేలా పెట్టాను. ఇప్పుడు దగ్గరికి పోయే కొద్దీ గీత వెడల్పవుతుంది, ఇంటి దాకా వెళ్తే తెర మొత్తం లేత ఎరుపే. చూసినవి గట్టి గీత, ఊహించినవి చుక్కల గీత.  ఇవన్నీ క్యూజీఐఎస్‌లో ముందు నుంచీ ఉన్నవే, డబ్బు కట్టి కొనే పని లేదు. నేనే ఏడేళ్లు వాటి జోలికి పోలేదు. మన అనుమానాన్ని కూడా గీతతో పాటు దాచిపెట్టుకోనిస్తుంది కాబట్టే ఈ సాఫ్ట్‌వేర్‌ను వదలను.

గీత లేని చోటు గురించి కూడా అంతే జాగ్రత్త కావాలి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారిలో 6.2 భూకంపం వచ్చి 10 వేల మంది దాకా చనిపోయారు. అప్పటి భూకంప మండలాల మ్యాపులో ఆ ఊళ్లు అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న 1వ మండలంలో ఉన్నాయి. దక్కన్ లావా పొరల కింద ఏముందో పైనుంచి తెలియదు. మా లోయ కూడా వాయవ్యంలో ఆ నల్లరాతి కిందికే దూరుతుంది. అక్కడ నా మ్యాపు ఖాళీగా ఉంటుంది. ఖాళీ వదిలితే "ఏమీ లేదు" అనుకుంటారని ఆ భాగమంతా బూడిదరంగు గీతలతో నింపి "కనపడదు" అని తెలుగులో రాశాను.

తెలుగులో రాయడం గురించి ఒక మాట. మ్యాపు డేటా దాచే పాత రకం షేప్ ఫైలు వాడితే ఇబ్బంది. గడి పేరు 10 బైట్లు దాటకూడదు, గడిలో 254 బైట్లే పడతాయి. తెలుగు అక్షరం, ఒత్తు, గుణింతం ఒక్కోటి 3 బైట్లు తింటుంది, కాబట్టి రెండు వాక్యాలు రాసేసరికి నిండిపోతుంది. ఎన్‌కోడింగ్ తేడా వస్తే ఊళ్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. జియోప్యాకేజీ అనే కొత్త రకం ఫైలులో దాచుకుంటే ఈ బాధలేవీ లేవు, అన్ని లేయర్లూ ఒకే ఫైలులో ఉంటాయి. మా ఊళ్ల పేర్లు తెలుగులోనూ మరాఠీలోనూ పక్కపక్కనే పెట్టుకున్నాను.

ఫీల్డులో, క్యూజీఐఎస్ మ్యాపులను ఫోనులో తెరిచే క్యూఫీల్డ్ యాప్ వాడతాను. మా అడవుల్లో నెట్‌వర్క్ ఉండదు, ఇంట్లోనే మ్యాపు ఫోనులోకి ఎక్కించుకుని వెళ్తే చాలు. రాయి ఫొటో, వాలు కోణం అక్కడికక్కడే ఎక్కుతాయి. 3డీ వ్యూ చూడటానికి బాగుంటుంది, పనికి పెద్దగా వాడలేదు. 4 జీబీ ల్యాప్‌టాప్‌లో ఎస్ఆర్‌టీఎం షీట్లు నాలుగు కలిపితే నత్తనడకే, 8 జీబీ ఉంటే సరిపోతుంది. కరెంటు పోయి రెండుసార్లు పొద్దంతా గీసింది పోగొట్టుకున్నాను. ఎడిటింగ్‌లో ఉన్నప్పుడు పది నిమిషాలకోసారి సేవ్ చేయండి.

ఇప్పుడు 65 బి షీటు పని నడుస్తోంది, ఇంద్రావతి అవతల భోపాలపట్నం వైపు. అక్కడ నేను ఇంకా నడవలేదు. అందుకే ఆ గీతలన్నీ చుక్కలుగానే ఉన్నాయి, ప్రతిదాని నాలుగో గడిలో "లేదు" అని ఉంది.