అన్‌లిమిటెడ్ హోస్టింగ్ కొంటున్నారా? ముందు ఫైళ్ల లెక్క అడగండి, జాగ్రత్త

ఫ్రెండ్స్, అన్‌లిమిటెడ్ స్పేస్ అని రాసున్న షేర్డ్ హోస్టింగ్‌కి (ఒకే సర్వర్‌లో చాలామందికి వెబ్‌సైట్ పెట్టుకునే చోటు అద్దెకిచ్చేది) చవగ్గా వస్తోంది కదా అని మూడేళ్ల డబ్బులు ఒకేసారి కట్టేద్దాం అనుకునేవాళ్లు దయచేసి ఇది చదివాకే కట్టండి. కంపెనీ పేరు రాయట్లేదు, ఫైళ్ల సంఖ్యకి హద్దు అనే ఇదే షరతు పెట్టి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అసలు విషయం తెలుసుకుంటే చాలు.

మాది ఫోటో స్టూడియో. పెళ్లి ఫోటోలు, వాటి చిన్న ప్రివ్యూలు అన్నీ రాత్రిపూట కర్ల్‌తో (కమాండ్లతో ఫైళ్లు పంపే టూల్) ఎఫ్‌టీపీలో (సర్వర్‌కి ఫైళ్లు పంపే పద్ధతి) సర్వర్‌కి ఎక్కేలా స్క్రిప్ట్ పెట్టుకున్నాం. కొన్నాళ్లు బానే ఎక్కాయి, ఉన్నట్టుండి ఒకరోజు నుంచి ప్రతి ఫైల్‌కీ కర్ల్ ఎర్రర్ 25, ఫెయిల్డ్ ఎఫ్‌టీపీ అప్‌లోడ్ 553 (ఈ 553 సర్వర్ ఇచ్చే నంబర్). సపోర్ట్‌ని అడిగితే మీ నెట్ బాలేదన్నారు, తర్వాత మీ టూల్ బాలేదు, ఫైల్‌జిల్లా అనే ఇంకో ఎఫ్‌టీపీ టూల్ వాడండి అన్నారు, దాంట్లోనూ అదే 553. ప్యానెల్‌లో చూస్తేనేమో స్పేస్ బోలెడు ఖాళీ!

నెట్ సమస్యైతే ఇలా రాదండీ. పంపుతుండగా లైన్ తెగితే కర్ల్‌లో మామూలుగా 55, టైమౌట్ అయితే 28, పాస్‌వర్డ్ తప్పైతే 67 వస్తాయి. 25 తో పాటు 553 వచ్చిందంటే లాగిన్ అయింది, ఫైల్‌ని సర్వరే తీసుకోనంది అని అర్థం. ఎందుకు తీసుకోలేదో తెలియాలంటే కమాండ్‌లో మైనస్ వి (-v) పెట్టి నడపాలి, అప్పుడు సర్వర్ ఇచ్చిన జవాబు మొత్తం కనిపిస్తుంది. మాకు వచ్చిన లైన్ ఇది: "553 కాంట్ ఓపెన్ దట్ ఫైల్: డిస్క్ కోటా ఎక్సీడెడ్". అన్‌లిమిటెడ్ అని డబ్బులు తీసుకుని కోటా ఏంటసలు?

తీరా చూస్తే షరతుల పేజీలో ఎక్కడో అడుగున ఐనోడ్ లిమిట్ అని ఉంది. ఎన్ని జీబీలైనా పెట్టుకోవచ్చు గానీ ఫైళ్ల సంఖ్యకి మాత్రం హద్దుంది. ప్రతి ఫైలూ, ప్రతి ఫోల్డరూ ఒక్కో లెక్క, సున్నా సైజు ఫైల్ కూడా లెక్కలోకే వస్తుంది. అదే అకౌంట్‌లో మెయిల్స్ ఉంటే చాలా సర్వర్లలో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్, వర్డ్‌ప్రెస్‌తో సైట్ నడిపితే అది తాత్కాలికంగా దాచుకునే క్యాష్ ఫైళ్లు దానికి అదనం. చిన్న చిన్న ఫైళ్లు ఎక్కువున్న మాలాంటివాళ్లకి ఆ హద్దు ఇట్టే నిండిపోతుంది.

553 వచ్చిన ప్రతిసారీ కంపెనీదే తప్పని కాదు. అడ్రస్ చివర స్లాష్ లేకపోతే కర్ల్ ఆఖరి ఫోల్డర్ పేరునే ఫైల్ పేరనుకుంటుంది, అప్పుడూ ఇదే నంబర్ రావచ్చు. ఫోల్డర్‌లో రాసే పర్మిషన్ లేకపోయినా అంతే. అందుకే నంబర్ ఒక్కటే చూసి గొడవకి దిగకుండా పక్కనున్న మాట చదవండి. ఇంకోటి, మైనస్ వి లాగ్‌లో పాస్‌వర్డ్ కూడా పాస్ అనే లైన్‌లో అచ్చంగా కనిపిస్తుంది, సపోర్ట్‌కి స్క్రీన్‌షాట్ పంపేముందు అది చెరిపేయండి.

లాగ్ పంపాక సపోర్ట్ వాళ్లు ఒప్పుకున్నారు, కానీ రీఫండ్ గడువు దాటిపోయిందని డబ్బులివ్వలేదు, పైగా పెద్ద ప్లాన్ కొనమన్నారు. మీరు మాత్రం కట్టకముందే ఐనోడ్ లిమిట్ ఎంత, ఒక్క ఫైల్ ఎంత సైజు దాకా తీసుకుంటారు, ఎస్ఎఫ్‌టీపీ (పాస్‌వర్డ్, ఫైళ్లు బయటికి కనిపించకుండా భద్రంగా పంపే పద్ధతి) ఇస్తారా లేదా అని మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఫోన్‌లో చెప్తాం అంటే వద్దనండి. ముందు నెలవారీ ప్లాన్ తీసుకుని మీ అసలు ఫైళ్లన్నీ ఒకసారి ఎక్కించి చూడండి, మూడేళ్ల ప్లాన్ సంగతి ఆ తర్వాత.