బరంపురంలో తాతల నాటి పతకాలు కట్టించడం: కుట్టుకు పూర్తి మార్కులు, మెరుగుకు సున్నా

గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉండబట్టి బరంపురం యూనిఫాం దర్జీలకు పతకాల పని కొత్త కాదు. పాత బస్టాండు వెనక సందులోని ఈ షాపులో కోర్ట్ మౌంటింగ్ చూడముచ్చటగా ఉంటుంది. అట్ట మీద రిబ్బన్ బిగువుగా చుట్టి, పతకం కదలకుండా సన్నదారంతో పట్టిస్తారు. వేలాడగట్టే పద్ధతి చవకే గానీ, పతకాలు ఒకదానికొకటి తగిలి అంచులు నొక్కుకుపోతాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి గుండ్రటి పతకాలకు సిపాయి పేరూ నంబరూ ఉండేది ఆ అంచు మీదే. కాబట్టి డబ్బు కాస్త ఎక్కువైనా కోర్ట్ మౌంటింగే చెప్పండి.

నేటి సైన్యం పతకాలు వీళ్లకు కొట్టినపిండి. ప్రపంచ యుద్ధాల పతకాలు మాత్రం అంతగా తెలియవు. వరస మీరే కాగితం మీద రాసివ్వాలి. రెండో యుద్ధానివైతే, చూసేవాళ్లకు ఎడమ నుంచి 1939-45 స్టార్, బర్మా స్టార్, డిఫెన్స్ మెడల్, వార్ మెడల్, చివర ఇండియా సర్వీస్ మెడల్. ఆఫ్రికా స్టార్ ఉంటే బర్మా స్టార్‌కు ముందు, ఇటలీ స్టార్ ఉంటే తర్వాత. మొదటి యుద్ధానికి 1914-15 స్టార్, బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్. 1939-45 స్టార్ రిబ్బన్‌లో ముదురు నీలం, ఎరుపు, లేత నీలం చారలుంటాయి. చూసేవాళ్లకు ముదురు నీలం ఎడమ పక్కన పడాలి. షాపు గోడ మీది నమూనాలోనే అది తిరగబడి ఉంది! రిబ్బన్ వెడల్పు 32 మి.మీ.; పతకానికి 15 సెం.మీ. ముక్క చాలు. పాత రిబ్బన్ ఎంత చివికినా పారేయనివ్వకండి, విడిగా తీసుకోండి.

అసలు తగువు మెరుగు దగ్గర. అడక్కుండానే బ్రాసో (లోహాలకు మెరుగు పెట్టే పాలిష్) రుద్దేస్తారు. అందులో ఉండేది సన్నటి రాపిడి పొడి. రుద్దినకొద్దీ అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. ఇంట్లో చింతపండుతో తోమడమూ తక్కువేం కాదు, ఆ పులుపు కంచు మీది ముదురు పొరను తినేస్తుంది. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు. పచ్చటి చిలుము పట్టిన చోట పుల్లతో మెల్లగా గీకాలి. గీటురాయి మీద పరీక్షా అక్కర్లేదు: రెండో యుద్ధం వార్ మెడల్ మనకు వచ్చింది రాగి-నికెల్‌దే, వెండిది కాదు.

ఇంకా ప్రమాదం వెండి పూత. బ్రిటిష్ వార్ మెడల్ చాలామందికి వెండిదే వచ్చింది. కానీ 1917లో ఇండియా నుంచి ఫ్రాన్సుకు వెళ్లి సరుకులు మోసి, రోడ్లు వేసి, చెట్లు కొట్టిన లేబర్ కోర్ మనుషులకు ఇచ్చింది కంచుది. చైనా, మాల్టా కూలీ దళాలకూ అంతే. యుద్ధ చరిత్రల్లో వీళ్లకు దక్కింది చాలాసార్లు ఒకటి రెండు వాక్యాలే. ఈ షాపు కౌంటర్లో మాత్రం కంచు పతకం కనబడితే ‘రంగు పోయింది, పూత వేయిద్దాం’ అంటారు. రంగు పోలేదు, అది పుట్టడమే అలా పుట్టింది. పూత వేస్తే అంచు అక్షరాలు పూడుకుపోవడమే కాదు, ఆ మనిషి ఏ దళంలో పనిచేశాడో చెప్పే మొదటి గుర్తే చెరిగిపోతుంది. రసీదు మీదే ‘మెరుగు వద్దు, పూత వద్దు’ అని రాయించండి.

ఫ్రేము కట్టించేటట్టయితే జిగురు అంటించనివ్వకండి. 1914-15 స్టార్‌కు పేరు వెనక పక్క ఉంటుంది. వెనక ప్లైవుడ్ బదులు ఆమ్లం లేని అట్ట అడగండి, తెప్పిస్తారు. పీవీసీ కవర్లో ఉంచితే చెమ్మ పట్టి పచ్చబడుతుంది, మన సముద్రపు గాలికి మరీ త్వరగా.

కింద పేరుపలక ఉచితమే, అక్షరాలూ అందంగా చెక్కుతారు. అయితే మొదటి యుద్ధం సిపాయికి కూడా ‘ఒడిశా’ అని వేసేస్తున్నారు. 1936 దాకా బరంపురం ఉన్న ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. అంచు మీద ఏ దళం పేరుంటే అదే వేయించండి.

పతకాలు ఇచ్చే ముందు రెండు వైపులా, అంచు చుట్టూ ఫొటోలు తీసుకోండి. ఆగస్టు 15కీ జనవరి 26కీ ముందు నెలలో ఇవ్వకండి. అప్పుడు సైన్యం వాళ్ల పనే ముందు నడుస్తుంది, మీ పెట్టె బల్ల కింద ఉండిపోతుంది.