మిరుగం నాడు పట్నం చేపల బజారు

మాది కాకినాడ వైపు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తీరంలో మరబోట్లకు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మావాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, జూన్ 8 ప్రాంతంలో, మృగశిర కార్తె వస్తుంది. తెలంగాణలో దాన్నే మిరుగం అంటారు. హైదరాబాద్ చేపల మీద పడుతుంది! సముద్రం లేని ఊరికి ఇంత చేపల పిచ్చేమిటో చూద్దామని వెళ్లాం.

రాంనగర్ చేపల మార్కెట్‌కు తెల్లారకముందే చేరాలి. మెట్రో ఇంకా మొదలవదు, ఆటోయే గతి. రవ్వ, బొచ్చె రాశులు ఒకవైపు, తొట్లలో కొర్రమట్టలు (కొర్రమీను) మరోవైపు. జనం మాత్రం కొర్రమట్ట దగ్గరే. అది పైకొచ్చి గాలి కూడా పీలుస్తుంది, అందుకే కాసిన్ని నీళ్లలోనూ బతికుంటుంది. "పానంతోటున్నదే కావాలె" అని బేరాలు. తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే. ఎండలు పోయి చినుకులు మొదలయ్యే వేళ ఒంట్లో వేడి నిలవాలని చేప తింటారట. తిననివాళ్లు ఇంగువ బెల్లంతో సరిపెట్టుకుంటారు. కోయించుకునే దగ్గర వరస పెద్దది, ఓపిక ఉండాలి.

మా జాలర్లు గంగమ్మకు మొక్కి సముద్రంలోకి దిగుతారు. ఇక్కడి జాలర్లు గంగపుత్రులకూ గంగమ్మే తల్లి, కాకపోతే ఆవిడ ఉండేది చెరువులో. గంగపుత్రులు, ముదిరాజుల సంఘాలు చెరువుల్లో చేపపిల్లల్ని వదిలి పెంచుకుంటాయి. అంటే వాన పడితేనే వేట. మిరుగం అంటే వీళ్లకెందుకంత ముఖ్యమో అక్కడ అర్థమైంది.

మిరుగం నాడే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసానికి ఉచితంగా చేప ప్రసాదం వేస్తుంది. మందు పెట్టిన చిన్న కొర్రమీను పిల్లను బతికుండగానే మింగాలి, శాకాహారులకు బెల్లంలో ఇస్తారు. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. నేనైతే తీసుకోలేదు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ మానకండి. స్వచ్ఛంద సంస్థల భోజనం, మంచినీళ్లు మాత్రం నిజంగా మెచ్చుకోవాలి.

బస విషయంలో నాంపల్లిని నమ్మకండి. రద్దీ చూసి మా లాడ్జివాడు చెప్పిన అద్దె కన్నా ఎక్కువ గుంజాడు, పక్క దుప్పటి కూడా మార్చలేదు. సికింద్రాబాద్ నయం. అక్కణ్నుంచి రాంనగర్ దగ్గరే, నాంపల్లికైతే ఎంజీబీఎస్‌లో మెట్రో మారి గాంధీభవన్‌లో దిగొచ్చు.

జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కార్యాలయం చేప ఆకారంలో ఉంటుంది, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీంచి కనిపిస్తుంది. పిల్లలకు భలే నచ్చింది. పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు, ఆ పూట మార్కెట్‌లోనే గడపండి.