ఆకులు ఎండబెట్టడానికి సోలో మైక్రోవేవ్: కరివేపాకుకు భేష్, కొత్తిమీరకు దండగ

హైదరాబాద్‌లో ముసురు పట్టిందంటే డాబా మీద ఆరేసిన కరివేపాకు మూడు రోజులైనా గలగలమనదు. పైగా ముక్కిపోతుంది. బాల్కనీ కుండీల్లో పుదీనా గుబురుగా ఎదిగేదీ, రైతుబజార్లో మెంతికూర కట్టలు చవగ్గా దొరికేదీ ఒక్కోసారి సరిగ్గా అప్పుడే. అలాంటి రోజుల్లో ఇంట్లో ఉన్న 20 లీటర్ల, 700 వాట్ల సోలో మైక్రోవేవ్ (గ్రిల్, కన్వెక్షన్ లేని మామూలు రకం) ఆకులు ఎండబెట్టడానికి ఎంతవరకు పనికొస్తుంది? ఈ సమీక్ష ఆ ఒక్క పని గురించే. కరివేపాకు, పుదీనా, మెంతికూర, మునగాకు అయితే నిశ్చింతగా వాడొచ్చు. కొత్తిమీర, తులసి మాత్రం వద్దు.

కొత్తగా కొనేవాళ్లు ముందు చూడాల్సింది టైమర్. గుండ్రంగా తిప్పే నాబ్ ఉన్న మోడల్ అన్నం వేడిచేయడానికి సరిపోతుంది గానీ, దాంట్లో 20 సెకన్లు కచ్చితంగా పెట్టడం కుదరదు. ముల్లు కాస్త అటు జరిగినా నలభై సెకన్లు అవుతుంది, ఆకు మాడిపోవడానికి ఆ తేడా చాలు. సెకన్ల లెక్కన సమయం పెట్టగలిగే డిజిటల్ మోడలే తీసుకోండి. ఈ పనికి గ్రిల్, కన్వెక్షన్ (వేడిగాలితో బేక్ చేసే సదుపాయం) అక్కర్లేదు, వాటికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

పెట్టె మీద 700 వాట్లని రాసి ఉన్నా, కరెంటు లో వోల్టేజీగా వస్తే లోపల అంత వేడి పుట్టదు. వంటింటి థర్మామీటర్ ఉంటే తేల్చుకోవచ్చు. లీటరు నీళ్లు ఫుల్ పవర్‌లో సరిగ్గా 2 నిమిషాలు పెట్టి, కలిపి, ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూసి 35తో గుణించండి. 20 డిగ్రీలు పెరిగితే 700 వాట్లు, 16 పెరిగితే 560. కింద చెప్పిన సమయాలన్నీ 700కి వేసినవి, మీ లెక్కను బట్టి పెంచుకోవాలి.

ఇక పద్ధతి. ఆకు కడిగాక నీటిచుక్క మిగలకూడదు, ఫ్యాన్ కింద గుడ్డ మీద గంటసేపు ఆరనివ్వాలి. తడి ఉన్నచోట ఆకు ఎండదు, ఉడికి నల్లబడుతుంది. కాడల్లో తడి ఆఖరిదాకా ఉంటుంది కాబట్టి రెమ్మలతో పెట్టకుండా ఆకు దూసుకోవాలి. వాయికి 20 గ్రాములు, అంటే సుమారు రెండు గుప్పెళ్లు, అంతకు మించొద్దు. తిరిగే గాజు పళ్లెం మీద కిచెన్ టిష్యూ పరిచి, మధ్యలో ఖాళీ వదిలి చుట్టూ వలయంలా ఒకే వరసలో ఆకు సర్ది, పైన ఇంకో టిష్యూ కప్పాలి. ముందు ఫుల్ పవర్‌లో 1 నిమిషం. తలుపు తీసి ఆవిరి పోనిచ్చి, గోడలకు పట్టిన చెమ్మ తుడిచి, తడిసిన టిష్యూ మార్చి, ఆకు తిరగేయాలి. తర్వాత 30 సెకన్లు, మళ్లీ 30. అక్కణ్ణుంచి 20 సెకన్ల చొప్పున. మొత్తం మీద కరివేపాకుకు రెండున్నర నుంచి మూడు నిమిషాలు, పుదీనాకు, మెంతికూరకు ఇంకో అర నిమిషం పడుతుంది. మునగాకు రెండు నిమిషాల్లోనే అయిపోతుంది, కళ్లు తిప్పకూడదు.

మధ్యలో ఖాళీ ఎందుకంటే, రెండో విడత నుంచి అక్కడ చిన్న గాజు గిన్నెలో పావు గ్లాసు నీళ్లు పెట్టాలి. మైక్రోవేవ్ ప్రధానంగా వేడెక్కించేది నీటిని. ఆకులో నీరు తగ్గేకొద్దీ ఆ శక్తి మిగిలిన కాస్త తడి మీదే పడి, అక్కడక్కడా ఆకు కాలుతుంది, టిష్యూకు నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. గిన్నెలో నీళ్లుంటే మిగులు శక్తిని అవి తీసుకుంటాయి. మరిగేదాకా ఉంచకుండా విడత విడతకీ చల్లనీళ్లు మార్చండి. పొగ కనిపిస్తే తలుపు తెరవొద్దు. ముందు స్విచ్ ఆపండి.

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఆకు వేడిగా ఉండగానే పట్టి చూసి. అప్పుడే తీసిన కరివేపాకు వేళ్లమధ్య మెత్తగా వంగుతుంది. ఎండలేదనుకుని ఇంకో నిమిషం పెడతారు, అంతే, ఆకుపచ్చ కాస్తా గోధుమరంగుకు తిరిగి కమురు వాసన కొడుతుంది. తీసిన ఆకును పళ్లెంలో 2 నిమిషాలు వదిలేయండి. అంచులు పైకి ముడుచుకుని, నడిమి ఈనె దగ్గర విరిస్తే 'టక్'మంటుంది. అప్పటికీ వంగితేనే ఇంకో 20 సెకన్లు.

బరువు చూసుకుంటే ఇంకా నమ్మకం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం కరివేపాకులో నీరు 65 శాతం దరిదాపు, పుదీనా, మెంతికూర, కొత్తిమీరల్లో 85 దాకా. అంటే 20 గ్రాముల కరివేపాకు ఏడెనిమిది గ్రాములకు, పుదీనా మూడు, మూడున్నర గ్రాములకు దిగాలి. అంతకన్నా బరువుంటే లోపల తడి ఉన్నట్టే.

నిప్పురవ్వలు ఎగిరితే కారణం సాధారణంగా లోహం. స్టీలు పళ్లెం, బంగారు అంచు పింగాణీ పెట్టకూడదని అందరికీ తెలుసు. టిష్యూ బదులు పాత నూలు చీర ముక్క వాడేవాళ్లు మాత్రం జరీ పోగు ఒక్కటైనా ఉందేమో చూసుకోవాలి. రీసైకిల్ చేసిన కాగితంలోనూ లోహపు నలుసులు ఉండొచ్చు, న్యూస్‌పేపర్ అసలే వద్దు.

రంగు విషయంలో ఈ యంత్రానికి నిండు మార్కులు. ఆకును నల్లబరిచే ఎంజైములు ఈ వేగానికి త్వరగా చచ్చిపోతాయి కాబట్టి పుదీనా, కరివేపాకు ఎండలో పెట్టినవాటికన్నా పచ్చగా ఉంటాయి. ఎండకు ఆకుపచ్చ వెలిసిపోతుంది కూడా. మెంతికూర ఇంట్లో చేసిన కసూరి మేతీగా బాగా కుదురుతుంది. కొత్తిమీర సంగతి వేరు. దాని వాసనంతా తేలిగ్గా ఎగిరిపోయే ఆల్డిహైడ్లనే రసాయనాల్లో ఉంటుంది, నీటితో పాటే అవీ పోతాయి. మిగిలేది పచ్చటి గడ్డి. దాన్ని తరిగి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మేలు. తులసి మెత్తన, ఇట్టే నల్లబడుతుంది, నీడన ఆరబెట్టాల్సిందే.

ఖర్చు తక్కువే. లోపల 700 వాట్ల వేడి పుట్టించే యంత్రం కరెంటు లాగేది 1,100 వాట్ల దాకా ఉంటుంది. నాలుగు నిమిషాలు నడిచినా యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. అసలు లోటు వాయి పరిమాణమే. అరకిలో కరివేపాకు అంటే ఇరవై ఐదు వాయిలు, గంటన్నరకు పైగా నిలబడాలి. ఏప్రిల్, మే నెలల్లో అంత ఆకుంటే యంత్రం జోలికి పోకుండా పలుచటి గుడ్డ కప్పి నీడన పెట్టండి. ఎయిర్ ఫ్రయర్ దీనికి బదులు కాదు, దాని గాలికి ఎండిన ఆకు లేచి పైనున్న హీటర్‌కు తగులుతుంది.

పూర్తిగా చల్లారాకే గాజు సీసాలో పోయాలి, ఆకుగానే, పొడి చేయకుండా. మర్నాడు పొద్దున సీసా లోపలి గోడ చూడండి. చెమర్చి ఉంటే ఆకంతా తీసి ఇంకో 20 సెకన్లు పెట్టి, చల్లార్చి, సీసా తుడిచి మళ్లీ పోయండి. ఆ చెమ్మను వదిలేస్తే బూజు పడుతుంది.