ఫియట్‌కి డిస్కులు వేయించాలా, డ్రమ్ములకే బూస్టర్ పెట్టాలా?

ఫియట్, అంటే ప్రీమియర్ పద్మిని కారు, ఉన్నవాళ్లు, అందులోనూ ఇంజన్ మార్చి కాస్త హుషారుగా తోలేవాళ్లు, తిరుపతిలో ఎక్కడ ఎదురుపడినా అడిగేది ఇదే: "అన్నా, ముందుకి డిస్కులు వేయించేదా, ఉన్న డ్రమ్ములకే బూస్టర్ పెడితే చాలా?" డ్రమ్ము అంటే చక్రంతో తిరిగే గిన్నె, లోపలినుంచి షూలు దాన్ని ఒత్తి ఆపుతాయి. డిస్కు అంటే చక్రంతో తిరిగే పళ్లెం, ప్యాడ్లు రెండు వైపులా నొక్కి ఆపుతాయి. బూస్టర్ అంటే పెడల్ తొక్కే బలాన్ని పెంచే డబ్బా. ఇంకా తెగని వాళ్ల కోసం ఒకేసారి రాసేస్తున్నా.

గాంధీ రోడ్డులో ముప్ఫైలో పోతూ తొక్కితే ఏ బ్రేకైనా పడుతుంది, అక్కడ తేలేది ఏమీ లేదు. పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగుతూ ముందు లోడు లారీ, వెనక బస్సు ఉన్నప్పుడు పదోసారి తొక్కితే పడుతుందా, అదీ చూడాల్సింది. నా దృష్టిలో ఈ గొడవంతా వేడి దగ్గరే తేలిపోతుంది. ఫియట్ బరువు దాదాపు 900 కిలోలు, నలుగురు ఎక్కితే 1,100 దాటుతుంది. పలమనేరు నుంచి చిత్తూరుకు వచ్చేలోపు 300 మీటర్ల పైనే దిగుతాం. ఆ దిగడంలో పుట్టే వేడి పది లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. అందులో కొంత ఇంజనూ గాలీ తీసుకుంటాయి, మిగతాదంతా బ్రేకులే మింగాలి. దీనికి తోడు మీరు ఇంజన్ మార్చి, 60లో పోయే చోట 80లో పోతున్నారనుకోండి, ఒక్కసారి ఆపడానికే దాదాపు 1.8 రెట్ల వేడి పుడుతుంది.

డ్రమ్ములో ఆ వేడి లోపలే ఉండిపోతుంది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తే షూకి దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా కిందికి పోతుంది, షూ మీద అతికిన రాపిడి పొర, అదే లైనింగు, మాడిన వాసన వస్తుంది, అప్పటికి సగం ఘాట్ మిగిలే ఉంటుంది. డిస్కు అయితే బయటే తిరుగుతూ ఉంటుంది కాబట్టి గాలి తగులుతుంది, వేడికి ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. వానలో తడిసినా ఒకటి రెండు తొక్కుళ్లకు ఆరిపోతుంది.

మరి బూస్టర్ సంగతి? అది కాలికి సుఖం, అంతే. తక్కువ బలంతో తొక్కొచ్చు గానీ డ్రమ్ము మోయగలిగే వేడి ఒక్క డిగ్రీ కూడా పెరగదు. టౌన్‌లో మెత్తగా పట్టేసరికి బ్రేకులు బాగుపడ్డాయి అనిపిస్తుంది, ఘాట్‌లోనేమో అదే డ్రమ్ము అంతే వేడెక్కుతుంది. పైగా బూస్టర్ నడిచేది ఇంజన్ వాక్యూమ్ మీద, అంటే ఇంజన్ గాలి పీల్చే శక్తి మీద. డీజిల్ ఇంజన్‌లో అది చాలదు కాబట్టి దాన్ని ఎక్కించినవాళ్లకు విడిగా వాక్యూమ్ పంపు కావాలి. పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో దిగే మహానుభావులు మనలో ఇంకా ఉన్నారు, బూస్టర్ బండిలో ఆ పని చేస్తే నాలుగు తొక్కుళ్లకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

అలాగని డ్రమ్ములను తీసిపారేయను. టౌన్‌లో, మహా అయితే శ్రీకాళహస్తి దాకా తిరిగే, ఇంజన్ మార్చని బండికి అవే చాలు. కాకపోతే పని సరిగ్గా చేయించాలి. డ్రమ్ము లోపల సుద్దముక్కతో రాసి, షూని దానికి ఆనించి రుద్ది చూడండి. సుద్ద లైనింగు మధ్యలో మాత్రమే అంటితే షూ పూర్తిగా ఆనడం లేదన్నమాట, కొత్త లైనింగు వేయించినా సగమే పనిచేస్తుంది. లేత్ మీద డ్రమ్ము లోపలివైపు సమంగా చెక్కించి, అంచుల దాకా సుద్ద అంటేలా షూ కూర్చోబెట్టే మెకానిక్ దొరికితే వదలొద్దు.

ఇంజన్ మార్చిన బండికి, భాకరాపేట ఘాట్ నెలనెలా దిగే బండికి మాత్రం ముందు చక్రాలకు డిస్కులే. ఫియట్ చక్రం 14 అంగుళాలది, మారుతీ 800ది 12, కాబట్టి మారుతీ కార్ల కాలిపర్లు (ప్యాడ్లను పట్టి డిస్కుకి నొక్కే భాగాలు) లోపల పట్టడం పెద్ద సమస్య కాదు. అసలు చిక్కు చక్రం బిగించే హబ్బు, కాలిపర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్టు. హబ్బు మీద చక్రం బోల్టుల వరస ముందే కొలుచుకోండి. బ్రాకెట్టు మందపాటి ప్లేటులో మిషన్ మీద కోయించింది కావాలి, రేకు ముక్కలు అతికి వెల్డింగ్ చేసింది ఇస్తే తీసుకోవద్దు. బోల్టులు ఎక్కువ బలం తట్టుకునే హైటెన్సైల్‌వే వేయాలి.

డిస్కులు వేసినవాళ్లు కూడా ఎక్కువగా మర్చిపోయేది మాస్టర్ సిలిండర్, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకు నెట్టేది అదే. డ్రమ్ము బండి మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ బయటికి పోయే చోట సాధారణంగా స్ప్రింగుతో ఒక చిన్న వాల్వు ఉంటుంది. పెడల్ వదిలాక కూడా అది లైనులో కొద్దిగా ప్రెషర్ నిలిపి ఉంచుతుంది. డ్రమ్ముకి అది మంచిదే, షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి కాబట్టి. కాలిపర్‌కి అలాంటి స్ప్రింగు లేదు, ప్యాడ్లు డిస్కుని వదలవు, కాసేపు తిరిగేసరికి చక్రం కాలిపోతుంది, తప్పంతా డిస్కుల మీదికి పోతుంది. పైగా కాలిపర్లు డ్రమ్ము సిలిండర్ల కన్నా ఎక్కువ ఆయిల్ అడుగుతాయి. అందుకని డిస్కు, డ్రమ్ము కలిసిన బండికి చేసిన రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండరే వేయించండి, ఒక లైను పగిలినా రెండోది ఆపుతుంది. డ్రమ్ము షూ చక్రంతో పాటు తనంతట తానే కొంత బిగుసుకుంటుంది, డిస్కుకి ఆ గుణం లేదు కాబట్టి పెడల్ బరువు అవుతుంది. బూస్టర్ అవసరం నిజంగా వచ్చేది ఇక్కడ.

బ్రేక్ ఆయిల్ డాట్ 4 రకం పోయించండి. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, చెమ్మ పీల్చాక అదే 155కి పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చకపోతే ఇంత ఖర్చు పెట్టిన డిస్కులూ ఘాట్‌లో మోసం చేస్తాయి.

నాలుగు చక్రాలకూ డిస్కులు? చూడ్డానికి బాగుంటుంది. వెనక ప్రెషర్ తగ్గించే వాల్వు లేకుండా వేస్తే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి తిరిగిపోతుంది, హ్యాండ్‌బ్రేక్ తలనొప్పి అదనం. వెడల్పు టైర్లు వేస్తే చాలదా అంటారా, అవి రోడ్డుని పట్టుకుంటాయి గానీ డ్రమ్ముని చల్లబరచవు. ఇంజన్ మార్పు ఆర్టీఓలో చెప్పి ఆర్సీలో ఎక్కించుకున్నారా లేదా అన్నది కూడా ఈ ఖర్చుకి ముందే చూసుకోండి, ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి పోయినప్పుడు బండిని ఎలాగూ చూస్తారు.