జాగ్రత్త: ‘లినక్స్‌లో పనిచేస్తుంది’ అని అమ్ముతున్న ఆ ఇంటర్నల్ మోడెమ్ కొనకండి

ఫోన్ లైను ద్వారా ఇంటర్నెట్‌కు కలిపే మోడెమ్ ఒకటి, పాత కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణంలో కొన్నాను. అక్కడ ‘56కే పీసీఐ ఇంటర్నల్ మోడెమ్, పూర్తి హార్డ్‌వేర్, లినక్స్‌లో పనిచేస్తుంది’ అన్న వివరణ చూసి నేను కొన్న కార్డు నిజానికి సాఫ్ట్‌మోడెమ్, అంటే తన పనిని కంప్యూటర్ ప్రాసెసరు మీదికి నెట్టే, లినక్స్ వాడేవాళ్లం తిట్టుకునే విన్‌మోడెమ్.

కార్డు పలకకపోయేసరికి లోపం నా కెర్నల్‌లోనే, అంటే లినక్స్ మూలభాగంలోనే ఉందనుకున్నాను. కెర్నల్ ఎంపికల పట్టిక అయిన మెనూకాన్ఫిగ్‌లోకి వెళ్లి 8250/16550 సీరియల్ డ్రైవరును, దాని కిందనే ఉండే పీసీఐ పరికరాల మద్దతును, నాలుగుకు మించిన పోర్టులకు, ఇంటరప్టులు పంచుకోవడానికి సంబంధించిన ఎంపికలను, ఆపైన ఫోన్ లైను మీద ఇంటర్నెట్‌కు వాడే పీపీపీ పద్ధతిని, దాని అసింక్రనస్ సీరియల్ భాగాన్ని చేర్చి కెర్నల్‌ను మళ్లీ కంపైల్ చేశాను. అసలైన హార్డ్‌వేర్ మోడెమ్‌కు సాధారణంగా ఇంతకంటే అక్కరలేదు. బూట్ అయ్యేటప్పుడే కెర్నల్ దానిలోని 16550ఏ యూఆర్ట్‌ను (సీరియల్ పోర్టును నడిపే చిప్పును) గుర్తించి టీటీవైఎస్4 వంటి పోర్టును కేటాయిస్తుంది, మోడెమ్‌తో మాట్లాడే మినికామ్ ప్రోగ్రాములో ‘ఏటీ’ అని కొడితే ‘ఓకే’ అని బదులు వస్తుంది. ఈ మహానుభావుడు పంపిన కార్డుకు మాత్రం కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఒక్క కొత్త పోర్టూ కనిపించలేదు. పీసీఐ కార్డుల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం దానిని సీరియల్ కంట్రోలర్‌గా కాక, 0780 క్లాసుకు చెందిన ‘కమ్యూనికేషన్ కంట్రోలర్’గా చూపింది. అది చూపిన వెండర్, డివైస్ ఐడీలు పట్టుకుని వెతికితే గుట్టు బయటపడింది. ఫోన్ లైనుతో కలిపే సర్క్యూటు, కోడెక్ (లైను మీది సంకేతాలను అంకెలుగా, అంకెలను సంకేతాలుగా మార్చే చిప్పు) తప్ప కార్డు మీద చెప్పుకోదగ్గదేమీ లేదు. డేటాను ఫోన్ లైను సంకేతాలుగా మలిచే మాడ్యులేషన్, దోష సవరణ, డేటా కుదింపు వంటి పనులన్నీ తయారీదారు డ్రైవరు కంప్యూటర్ ప్రాసెసరు చేత చేయించాలి. దానికి దొరికే లినక్స్ డ్రైవరేమో సగం సోర్సు, సగం బైనరీ, పాత 2.6 కాలపు 32 బిట్ల కెర్నళ్ల కోసం కట్టినది. కార్డు మీద లేని యూఆర్ట్‌ను ఏ కెర్నల్ ఎంపిక మాత్రం పుట్టించగలదు?

ఇంతవరకూ అయితే సరిపెట్టుకునేవాణ్ణేమో. ఎల్ఎస్‌పీసీఐ అవుట్‌పుట్, డీమెసేజ్ లాగ్ జతచేసి, ఇది ప్రకటించిన వస్తువు కాదని దుకాణదారుకు మర్యాదగానే రాశాను. వచ్చిన జవాబు ఇది: ‘మీకు కెర్నల్ కాన్ఫిగర్ చేయడం రాకపోతే మాది బాధ్యత కాదు. విండోస్‌లో పెట్టి చూడండి, చక్కగా పనిచేస్తుంది.’ పైగా ప్యాకెట్ తెరిచాను కాబట్టి వాపసు కుదరదట. ప్యాకెట్ తెరవకుండానే కార్డును పీసీఐ స్లాట్‌లో బిగించే విద్య వారికి తెలిసి ఉంటుంది, నాకు అబ్బలేదు. వారి మాటనే వారికి చూపిద్దామని అమ్మకపు పేజీ తెరిచి చూద్దును కదా, ‘పూర్తి హార్డ్‌వేర్’ అన్న మాటా లేదు, ‘లినక్స్’ అన్న మాటా లేదు. నాకే కెర్నల్ పని రాదని దబాయించిన మనిషే, నా ఉత్తరం చేరాక తన పేజీని నిశ్శబ్దంగా దిద్దుకున్నాడు. తెలియక అమ్మినవాడికి ఏ రెండు మాటలు చెరిపేయాలో అంత కచ్చితంగా ఎలా తెలుస్తుంది? కొనే ముందు ఆ పేజీకి ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు, అది వేరే సంగతి.

ఇంటర్నల్ మోడెమ్ కొనక తప్పనివారు డబ్బు కట్టకముందే చిప్పు మీది అంకెలు కనిపించే ఫోటోను, ఎల్ఎస్‌పీసీఐకి ఎన్‌ఎన్ ఆప్షన్ ఇస్తే కనిపించే వెండర్, డివైస్ ఐడీలను అడిగి తీసుకోండి, ఇవ్వనంటే కొనకండి. స్లాట్‌లోనే ఉండాలన్న పట్టింపు లేకపోతే సీరియల్ పోర్టుకు తగిలించే ఎక్స్‌టర్నల్ మోడెమ్ తీసుకోవడం మేలు. యూఎస్‌బీ మోడెమ్ అయితే అది సీడీసీ ఏసీఎం అనే యూఎస్‌బీ మోడెమ్‌ల ప్రామాణిక పద్ధతిని పాటిస్తుందో లేదో ముందే కనుక్కోండి, ఎందుకంటే యూఎస్‌బీ రకాల్లోనూ సాఫ్ట్‌మోడెమ్‌లు ఉన్నాయి.