వెనక సీట్లోంచి కీవినా: జంటగా స్నోమొబైల్ టూరింగ్, కొన్ని చలికాలాల తర్వాత

స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే బండి, దాని మీద టూరింగ్ గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది హ్యాండిల్ పట్టుకునేవాళ్లే. నేను వెనక కూర్చునేదాన్ని. ఉండేది డెట్రాయిట్ దగ్గర. పిల్లలు కాలేజీకి వెళ్లిపోయాక మా ఆయనకి ఈ సరదా పట్టుకుంది. మొదట అద్దె బండి, తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో సొంత బండి: రెండు సీట్ల టూరింగ్ మోడల్, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. అప్పటి నుంచి ప్రతి చలికాలం మిషిగన్ ఉత్తరాన ఉన్న కీవినా ద్వీపకల్పానికి వెళ్తున్నాం. ఇన్నాళ్లూ తిరిగాక నేను చెప్పేది ఇదీ: ఇద్దరు వెళ్లే ట్రిప్పుకి రోజుకి ఎన్ని మైళ్లో తేల్చాల్సింది వెనక కూర్చునే మనిషి నడుము.

మగవాళ్ల గ్రూపులు రోజుకి 150, 200 మైళ్లు కొట్టామని గొప్పగా చెప్పుకుంటారు. వాళ్ల లెక్క వాళ్లది. ఇద్దరం ఒకే బండి మీద ఉంటే మాకు 80 మైళ్లు నిండుగా ఒక రోజు. పెట్రోలుకీ, తిండికీ, చేతులు వెచ్చబెట్టుకోవడానికీ ఆగేవన్నీ కలిపితే సగటున గంటకి పాతిక మైళ్లు కూడా పడదు. పైగా కీవినా ఈస్టర్న్ టైమ్ జోన్‌కి పడమటి కొసన ఉంది కాబట్టి జనవరి చివర్లో తెల్లారేసరికి ఎనిమిది దాటుతుంది. సాయంత్రం ఆరు లోపలే పొద్దు గుంకుతుంది.

ట్రయిల్‌ని, అంటే ఈ బండ్లు తిరిగే మంచుదారిని, రాత్రిపూట గ్రూమర్ ట్రాక్టర్లు చదును చేస్తాయి. పొద్దున్నే వెళ్తే ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంటుంది. శనివారం మధ్యాహ్నానికి అదే దారి నిండా వరసగా గతుకులు. నడిపేవాళ్లకి గతుకు ముందే కనిపిస్తుంది, కాళ్ల మీద కొంచెం లేచి దెబ్బ తప్పించుకుంటారు. వెనక ఉన్నవాళ్లకి కనిపించేది హెల్మెట్ వెనక భాగమే. దెబ్బంతా నేరుగా వెన్నుపూసకి. హెల్మెట్లలో ఇంటర్‌కామ్ పెట్టించాకే నా ప్రాణం కుదుటపడింది. "ఏవండీ, గతుకులొస్తే ముందు చెప్పండి" అని నేను, "ఇదిగో మూడున్నాయి, గట్టిగా పట్టుకో" అని ఆయన. కొనేవాటిలో దేన్నైనా వాయిదా వేసుకోండి, ఇంటర్‌కామ్‌ని మాత్రం వద్దు. వారాంతాలు వదిలేసి సోమవారం నుంచి గురువారం దాకా వెళ్లగలిగితే దారీ బాగుంటుంది, మోటెల్ గదులూ సులువుగా దొరుకుతాయి.

మా మకాం హోటన్‌లో. డెట్రాయిట్ నుంచి సుమారు 550 మైళ్లు. వెనక ట్రెయిలర్, రోడ్డు మీద మంచు ఉంటే ఒక రోజంతా డ్రైవింగే. మిషిగన్ రెండు భాగాలనీ కలిపే మాకినా బ్రిడ్జి దాటాక ఇంకా సగం దారి ఉంటుందని మొదటిసారి వెళ్లేవాళ్లు ఊహించరు. ఆ రోజు బండి దించకండి. తిని పడుకోండి.

మర్నాడు హోటన్ నుంచి హాన్‌కాక్‌కి కాలువ దాటడమే ఒక వేడుక. అక్కడి లిఫ్ట్ బ్రిడ్జికి రెండు అంతస్తులున్నాయి. చలికాలంలో పై అంతస్తు మీద కార్లు, కింది అంతస్తు మీద స్నోమొబైళ్లు. ఒకప్పుడు రైళ్లు వెళ్లిన అంతస్తు అది. అక్కడి నుంచి 3వ నంబర్ ట్రయిల్ పట్టుకుని కాల్యుమెట్ మీదుగా ద్వీపకల్పం ఉత్తరపు కొసన ఉన్న కాపర్ హార్బర్. రోడ్డు లెక్కన 50 మైళ్ల లోపే, కానీ మేం రోజంతా తీసుకుంటాం. ఆ పైన గ్యాస్ స్టేషన్లు పలచబడతాయి కాబట్టి ట్యాంకులో ఎంతున్నా కాల్యుమెట్‌లో నింపుకునే కదులుతాం. మోహాక్ దాటాక రోడ్డు పక్కన మంచు కొలిచే పెద్ద బోర్డు ఒకటి ఉంది. 1978-79 చలికాలంలో పడిన 390.4 అంగుళాలు దాని మీద రికార్డు. అంటే 32 అడుగుల పైమాటే. ఫోటోకి ఆగని జంట ఉండదు.

కాపర్ హార్బర్‌లో రెండు రాత్రులు ఉండడం నా షరతు. రోజూ కొత్త ఊళ్లో గది అంటే రోజూ బ్యాగులు విప్పి కట్టడమే. రెండో రోజు సామాను గదిలో వదిలేసి తేలిక బండితో బ్రాక్‌వే కొండెక్కుతాం. చలికాలంలో ఆ రోడ్డు కార్లకి ఉండదు, మనదే. పైనుంచి చూస్తే లేక్ సుపీరియర్ సముద్రంలాగే ఉంటుంది, విశాఖవాళ్లని కూడా ఒప్పిస్తుంది. తిరుగుదారి లాక్ లా బెల్ మీదుగా. ఇంకో రోజు మిగిలితే హోటన్ నుంచి దక్షిణంగా బిల్ నికల్స్ ట్రయిల్. పాత కాపర్ రేంజ్ రైలుమార్గం మీద వేసినది కాబట్టి మలుపులు తక్కువ, నడుముకి హాయి. ఫైర్‌స్టీల్ నది మీద ఎత్తైన పాత రైలు వంతెనలు మూడు దాటాలి. కింద అడవి, పక్కన రెయిలింగు. మొదటిసారి నేను కళ్లు మూసుకున్నాను.

ఈ ద్వీపకల్పానికి ఇంత మంచు రావడానికి కారణం ఆ సరస్సే. కెనడా వైపు నుంచి వచ్చే చల్లగాలి, గడ్డకట్టని నీళ్ల మీదుగా వస్తూ తేమ ఎత్తుకొచ్చి ఈ కొండల మీద దింపేస్తుంది. ఆ మంచు కోసమే వెళ్తాం, అదే పడుతుంటే ముందున్న బండి లైటు కూడా కనపడదు. అలాంటి రోజు కోసం ప్లాన్‌లో ఒక ఖాళీ రోజు ఉండాలి. 2023-24 చలికాలంలో దీనికి పూర్తిగా తిరగబడింది. మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా అంతటా మంచు లేక సీజన్ దెబ్బతింది. మేం ముందే బుక్ చేసిన ఒక మోటెల్ డబ్బు తిరిగివ్వనంది. ఫోన్‌లో అరగంట బతిమాలినా లాభం లేకపోయింది. అందుకే ఇప్పుడు గది అడిగేటప్పుడు మొదటి ప్రశ్న రేటు గురించి కాదు, మంచు లేకపోతే ఏం చేస్తారని. రెండోది, ట్రెయిలర్ పెట్టుకోవడానికి చోటుందా అని.

బండి విషయానికొస్తే, వెనక సీటుకి వీపు ఆనించుకునే దిండు, వేడెక్కే హ్యాండ్ గ్రిప్పులు ఉండి తీరాలి. ఈ రెండూ లేని బండి అద్దెకిస్తామంటే నేనైతే ఎక్కను. ట్రయిల్ గట్టిపడి గాజులా మెరుస్తుంటే ఇంకో తలనొప్పి ఉంది. ఈ ఇంజిన్ చల్లబడేది ట్రాక్, అంటే బండి కింద తిరిగే రబ్బరు పట్టా, ఎగజిమ్మే మంచుపొడి వల్ల. గట్టి ఐసు మీద పొడి లేవదు, టెంపరేచర్ లైటు వెలుగుతుంది, ట్రాక్ లోపలి ప్లాస్టిక్ స్లైడ్లు కూడా వేడెక్కి అరుగుతాయి. దీనికోసం స్క్రాచర్లని స్ప్రింగు తీగలుంటాయి, వాటిని కిందికి దించితే ఐసుని గీరి పొడి లేపుతాయి. దించడం నా డ్యూటీ. రివర్స్ చేసేముందు ఎత్తడం మర్చిపోతే కొన్ని రకాలు వంగిపోతాయి. ఇంజిన్ నుంచి ట్రాక్‌ని తిప్పే డ్రైవ్ బెల్టు స్పేర్ ఒకటి లేకుండా ఊరు దాటొద్దు.

బట్టల్లో కాటన్ ఒక్కటీ వద్దు. చెమట పట్టాక ఆగితే అదే చల్లబడి చంపుతుంది. ఒంటికి మెరినో ఉన్ని, మధ్యలో ఫ్లీస్, పైన గాలి దూరని సూటు. ఆడవాళ్లకి ఎవరూ చెప్పని మాట ఒకటుంది. ఒకే ముక్క సూటు కొనకండి, వెనక జిప్పు తీసి దించుకునే బిబ్ (భుజాల మీద పట్టీలుండే ప్యాంటు) కొనండి. అడవిలో, మైనస్ పదిహేనులో, దీని విలువ తెలుస్తుంది. బాత్రూమ్ గోలతో నీళ్లు తాగడం మానేస్తే సాయంత్రానికి తలనొప్పి ఖాయం. కళ్లద్దాలవాళ్లు ఊపిరి పక్కకి మళ్లించే మాస్కు, కరెంటుతో వేడెక్కే షీల్డు ఉన్న హెల్మెట్ తీసుకోండి. గదికి చేరగానే బూట్ల లోపలి పొరలు బయటికి తీసి హీటర్ దగ్గర పెట్టాలి, లేకపోతే మర్నాడు తడికాళ్లతోనే.

తిండి. అక్కడి ఫేమస్ వంటకం పాస్టీ. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కార్మికులు తెచ్చినది, కజ్జికాయలా మడిచి కాల్చిన పిండి, లోపల మామూలుగా గొడ్డుమాంసం, బంగాళాదుంప. వెజిటేరియన్‌ది దొరికితే దొరికినట్టు. నేను చపాతీ రోల్స్ చేసి జాకెట్ లోపలి జేబులో పెడతాను, గడ్డకట్టకుండా ఉంటాయి. రాత్రికి మోటెల్ మైక్రోవేవ్, పులిహోర, ఆవకాయ. పక్క గదివాళ్లు వాసన చూసి అడిగితే పెట్టాం కూడా.

ఎదురుగా గ్రూపు వస్తే ముందున్నవాళ్లు వేళ్లతో తమ వెనక ఎన్ని బండ్లున్నాయో చూపిస్తారు. చివరివాళ్లు పిడికిలి ఎత్తుతారు. ఆ పిడికిలి కనిపించేదాకా కుడి అంచు వదలొద్దు.

ఒక బండా, రెండు బండ్లా? మేం రెండూ చేశాం. నాకు రెండో బండి అద్దెకి తీసుకుంటే రోజుకి 300 డాలర్ల దాకా అదనం, పెట్రోలు వేరే. సొంత బండికైతే మిషిగన్ ట్రయిల్ పర్మిట్ మేం కొన్నప్పుడు 52 డాలర్లు. సొంతంగా నడిపిన రోజు నడుము నొప్పి సగానికి తగ్గింది, కానీ సాయంత్రానికి చేతులు పనిచేయలేదు. మొదటి ట్రిప్పుకి ఒకే బండి, తక్కువ మైళ్లు. ఇద్దరికీ నచ్చితే తర్వాత రెండు. డిస్క్ సమస్య ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ వెనక సీటు అస్సలు వద్దు. ఫిబ్రవరికి గదులు కావాలంటే అక్టోబరులోనే ఫోన్ చేయండి.